ఊ కొట్టిన మహారాజు

ఒకానొక రాజ్యంలో కథకు ఊ కొట్టడం నేరం. నవ్వకండి, నిజంగానే నేరం.

ఆ రాజ్యాన్నేలే రణధీర మహారాజు ఒక కావ్యం రాశాడు. సభలో చదివిస్తే పండితులంతా "ఆహా! ఓహో!" అన్నారు. మర్నాడు ఆయన పల్లకి సంత మీదుగా పోతోంది. అక్కడ ముత్తక్క అనే ముసలామె కథ చెబుతుంటే జనం ఊ కొడుతూ, నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. పల్లకి వైపు ఒక్కడంటే ఒక్కడు తల తిప్పలేదు. రాజుగారికి ఒళ్ళు మండిపోయింది.

"ఆహా అనిపించేది సాహిత్యం. ఊ అనిపించేది సంత సరుకు!" అని సభలో గర్జించాడు. "ఇకమీదట కథకు ఊ కొట్టినవాడూ, కొట్టించినవాడూ పొలిమేర దాటాల్సిందే. ముందు ఆ ముసలిదాన్ని వెళ్ళగొట్టండి!"

ఆ మాట ఆస్థాన విదూషకుడు మాచన చెవిన పడింది. తల్లి లేని తనకు కథలు చెప్పి అన్నం తినిపించింది ఆ ముత్తక్కే. నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషి, అడవి దారిన ఎక్కడికి పోతుంది? మాచన లేచి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, దొంగను శిక్షించే ముందు దొంగసొత్తు సభకు చూపించడం మన ఆచారం. ఆమె కథ కూడా ఓసారి సభలో పెట్టిద్దాం."

రాజు మీసం దువ్వాడు. "సరే, చెప్పమను. ఎవడు ఊ అంటాడో నేనూ చూస్తాను."

ముత్తక్క వచ్చి చతికిలబడింది.

"ఒక ఊళ్ళో ఒక తల్లి. పూడిక తియ్యడానికి కొడుకు నడుముకు తాడు కట్టి బావిలోకి దింపింది. కాసేపటికి 'అమ్మా, లాగు!' అని కేక వినబడింది. లాగింది. తాడు ఉత్తిగా పైకొచ్చేసింది."

అంతే, ఆగిపోయింది. పండితులు పెదాలు బిగించుకుని కూర్చున్నారు. ముత్తక్క తాపీగా తమలపాకు ఈనె తీసుకుంటోంది.

"ఏం, ఆగావేం?" అన్నాడు రాజు.

"ఊ కొట్టేవాళ్ళు లేందే నాకు కథ సాగదు దొరా."

మాచనకు ఆ సంగతి తెలుసు. చిన్నప్పుడు నిద్రమత్తులో తాను ఊ మరిచిపోతే కథ అక్కడే ఆగిపోయేది.

"సాగకపోతే పో!" అన్నాడు రాజు.

"మంచిది దొరా." మోకాళ్ళు పట్టుకుని లేచి గుమ్మం దాకా నడిచింది. ముత్తక్క వెనక్కి తిరిగి ఒక్క ముక్క అంది: "ఆ తాడు తెగలేదు. ముడి విప్పి ఉంది. ఎవరు విప్పారంటే..."

"ఊఁ!"

సింహాసనం మీంచి వచ్చిందా ఊ. సభకు సభే నిర్ఘాంతపోయింది. తలారి చేతిలో బల్లెం జారి కిందపడింది. రాజు తన నోరు తానే మూసుకున్నాడు. ఆయనకే నమ్మకం కుదరలేదు.

"మాచనా... అన్నది నేనేనా?"

"తమరే ప్రభూ."

"అయితే నేనూ పొలిమేర దాటాలా?"

"తమ శాసనమే కదా! ముత్తక్క కూడా అటే పోతోంది. దారిలో మిగతా కథ చెబుతుంది."

రాజు నవ్వలేదు. ముఖం వాడిపోయింది. "అంటే నా కావ్యం ఉత్తదేనా? అందరూ ఆహా అన్నారే!"

"ఆహా అన్నవాళ్ళు తమ ముఖం చూసి అన్నారు ప్రభూ. ఊ అనేవాడు కథలో పడి అంటాడు. తమ కావ్యంలోనూ అలాంటి చోటు ఒకటుంది. తప్పిపోయిన బిడ్డ చెప్పులు రాణి రోజూ కడిగి గుమ్మంలో పెడుతుంది చూశారూ, అక్కడ ఒక్క పండితుడూ ఆహా అనలేదు. నేను మాత్రం ఊ అన్నాను. కావాలంటే నన్నూ వెళ్ళగొట్టండి."

రాజు మాచన ముఖంలోకి తేరిపార చూశాడు. ఆనక ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. "ఓరి నీ అసాధ్యం కూలా!" అంటూ శాసనం రద్దు చేసి, తన పట్టుశాలువా మాచనకు కప్పాడు. ముత్తక్కను పక్కన కూర్చోబెట్టుకుని, ఊ కొడుతూ కథ చివరిదాకా విన్నాడు.

తర్వాత పండితుల్ని పంపేసి, ఆ చెప్పుల ఘట్టం తానే చదవడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి, బెరుగ్గా ముత్తక్కకేసి చూశాడు.

ముత్తక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఊఁ..." అంది.