పరీక్షకు వెళ్లిన మూడో పెట్టె

వకుళకు పది రోజులుగా అన్నం సయించడం లేదు. ఇరవై ఒకటో తారీఖున తన పెట్టెకు పరీక్ష. అది గట్టెక్కుతుందా లేదా అన్నదే ఆమె బెంగ.

పెట్టె అంటే ఆటో చేంజోవర్. ఊరి కరెంటు పోగానే దానంతట అదే జనరేటర్ వైపు మారుతుంది, కరెంటు రాగానే మళ్లీ ఇటు మారుతుంది. హైదరాబాదులో చర్లపల్లి వైపు, రేకుల షెడ్డు కింద వాటిని కట్టే చిన్న కార్ఖానా ఒకటుంది. అక్కడ చాంద్‌పాషా ఉస్తాద్ దగ్గర వకుళ నాలుగేళ్లు పని నేర్చుకుంది. ఇంజనీరింగ్ పట్టా పట్టుకొచ్చిన పిల్లకు మొదటి ఆరు నెలలు ఆయన బోల్టులు బిగించడం తప్ప ఇంకేమీ నేర్పలేదు. వేరే ఎవరైనా అయితే అలిగి వెళ్లిపోయేవాళ్లు. ఈ పిల్ల మాత్రం బోల్టులు బిగిస్తూ కూర్చుంది.

ఇప్పుడు ఆమె సొంతంగా కొత్త చేంజోవర్ గీసింది. పాతదానికన్నా చిన్నది, చురుకైనది. జనగామలో కొత్తగా కట్టిన ఒక ప్రసూతి ఆసుపత్రి వాళ్లు ఆరు కావాలన్నారు. నెలలు నిండకుండా పుట్టిన పసికందులను వెచ్చగా ఉంచే గదికీ ఇదే పెడతారట. కాని పరీక్షలో నెగ్గి కాగితం చేతికొస్తే తప్ప ఒక్క పెట్టె కూడా షెడ్డు దాటడానికి వీల్లేదు. ఓనరు దామోదర్ సార్ ముందే తేల్చేశాడు.

"ఒక్కసారే పంపిస్త వకుళా. ఫెయిలైతే పాత డిజైనే కడదాం. మల్ల నన్నడగొద్దు."

ఆ పరీక్ష ఏమిటంటే, లైన్లో ఎక్కడైనా షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు మామూలు కరెంటుకు వంద రెట్లు ఒక్కసారిగా వచ్చి పడుతుంది. దాన్ని తెంచడం పైనున్న బ్రేకర్ పని. బ్రేకర్ తెంచేదాకా వదలకుండా పట్టుకుని ఉండడం చేంజోవర్ పని. ఎంతసేపని? రెప్పపాటులో సగం కూడా ఉండదు. ఆ కాస్తలోనే లోపలి కాంటాక్టులు విడిపోతే మంట లేస్తుంది. కరిగి అతుక్కుపోతే ఆ తర్వాత పెట్టె ఎటూ మారదు. యాభై వేల ఆంపియర్లకు తన పెట్టె నిలుస్తుందని పేరుపలక మీద చెక్కించాలని వకుళ ఆశ. అలా చెక్కించాలంటే నిజంగానే యాభై వేలు దాని మీదికి వదిలి చూడాలి. కాగితం మీద లెక్కగట్టి చూపిస్తే ఎవరూ ఒప్పుకోరు.

ఆసుపత్రికని ఫిట్టర్ ఎల్లేశం ఆరు పెట్టెలు కడుతుంటే, వకుళ పరీక్ష కోసమని ఏడోది తన చేత్తో కట్టింది. కాంటాక్టులను అద్దంలా మెరిసేదాకా రుద్దింది. వాటిని అదిమిపట్టే స్ప్రింగులు వంద వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ కాటాకు తగిలించి, బలం చూసి, మేలైనవి పన్నెండు ఏరుకుంది. ప్రతి బోల్టూ కొలిచి బిగించి, ఎర్రరంగు చుక్క పెట్టింది. షెడ్డులో అందరూ కలిసి దానికి పెండ్లిపిల్ల అని పేరు పెట్టారు.

"దిష్టిచుక్క మర్చిపోయినవక్కా" అన్నాడు ఎల్లేశం.

కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఈ పిల్ల మాత్రం నిజంగానే ముద్దుగా ఉంది.

ఉస్తాద్ వచ్చి చూశాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, లోపల వేలు పెట్టి అంతా తడిమాడు. డెబ్బై ఏళ్ల మనిషి. ఆయన కళ్లకు ఆననివి కూడా ఆ వేలికి తెలుస్తాయి.

"నిలుస్తదా ఉస్తాద్?"

"ఇది నిలుస్తది బిడ్డా."

ఆ పూట వకుళ రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

పరీక్షాశాల పక్క రాష్ట్రంలో ఉంది. వకుళ ఆఫీసులో కాగితాలు సర్దుకుంటుంటే, ఉస్తాదే దగ్గరుండి పెట్టెను చెక్క డబ్బాలో మేకులు కొట్టించి లారీ ఎక్కించాడు. తర్వాత ఇద్దరూ రైల్లో బయల్దేరారు. కిటికీ పక్క సీటు ఆమెకిచ్చాడు, ఇంట్లో కట్టిచ్చిన రొట్టెల్లో సగం ఆమెకు పెట్టాడు, దిగేదాకా కునికిపాట్లు పడ్డాడు. ఇలాంటి మనిషి పక్కనుంటే ఎంత పరీక్షైనా ఏమవుతుందిలే అనిపించింది ఆమెకు.

పరీక్షాశాలలో డబ్బా మేకులు ఊడదీశారు. లోపల ఉన్నది తన పెట్టె కాదు. ఒక్క ఎర్రచుక్క లేదు. తలుపు మీద సుద్దతో, ఎల్లేశం వంకర రాతలో, మూడు అంకె వేసి ఉంది.

"ఉస్తాద్, నాది ఏది?"

"దాని మీద ఆసుపత్రి పేరు రాసి పక్కకు పెట్టిచ్చిన."

"పరీక్షకు ఎల్లేశం కట్టింది తెచ్చిన్రా?"

"వరుసల ఉన్నయి గద, అండ్ల ఒకటి తెచ్చిన."

వకుళకు కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. నాలుగేళ్లలో ఎన్నడూ ఆయన ముందు లేవని గొంతు ఆ రోజు లేచింది. "పరీక్షకు మంచిది తేవాలె గద. ఒక్కటే చాన్సని మీకు తెల్వదా? గింత అన్యాయం చేస్తరా?"

ఉస్తాద్ నొచ్చుకోలేదు. "ఈడ మనముంటం, సార్లుంటరు, అందరం దీన్నే చూసుకుంట నిలబడతం. ఆడ ఆసుపత్రిల దాన్ని చూసుకుంట ఎవరుంటరు బిడ్డా?"

ఆమెకు ఆ మాట వినిపించిందో లేదో. పెట్టెను బిగించుకోవడానికి గంట వ్యవధి ఉంది. గంటలో విప్పి, బోల్టులన్నీ మళ్లీ బిగించి, కాంటాక్టులు రుద్దుకోవచ్చు. సామాన్ల ట్రంకు కోసం వెనక్కి తిరిగింది. ఉస్తాద్ దాని మీద కూర్చుని బత్తాయి వలుచుకుంటున్నాడు.

"లేవుండ్రి ఉస్తాద్. పానాలు గావాలె."

"మోకాళ్లు గుంజుతున్నయి. జరసేపు కూసోనియ్యి."

"గంటనే టైమున్నది."

"గంట మస్తు. ఇగో, తిను."

బక్కపలచని మనిషి. ఒక్క చేత్తో పక్కకు జరపొచ్చు. వకుళ అక్కడే కాసేపు నిలబడింది. ఆ ట్రంకులో ఉన్న ప్రతి పానా పట్టుకోవడం నేర్పింది ఆయనే. చెయ్యి లేవలేదు.

ఇంతలో పరీక్షాధికారి ఒక కాగితం తెచ్చిచ్చాడు. నమూనా ఇచ్చినవాళ్లు సంతకం చెయ్యాలి. అందులో ఒక వరుసలో, ఈ నమూనాను ప్రత్యేకంగా తయారు చెయ్యలేదని, తయారైన వాటిలోంచి ఏరకుండా తీశామని రాసి ఉంది. ఆ వరుస వకుళకు కొత్తది కాదు. హైదరాబాదులో కాగితాలు నింపినప్పుడు నాలుగుసార్లు చదివింది. చదివిన నాలుగుసార్లూ పెండ్లిపిల్ల ఆమె పక్కనే ఉంది. అయినా ఎక్కడా తట్టలేదు.

ఈసారి పెన్ను ఆగింది. మూడో నంబరు పెట్టె వంక ఒకసారి చూసి సంతకం పెట్టింది. ఉస్తాద్ ఆమె ఎడమ చేతిలో బత్తాయి తొన ఒకటి పెట్టాడు. పుల్లగా ఉంది.

పెట్టెకున్న ప్రతి సందు దగ్గరా దూది పెట్టారు. లోపలి నుంచి నిప్పురవ్వ వస్తే దూది అంటుకుంటుంది, అంటుకుంటే ఓడినట్టే. అందరూ అద్దం వెనక్కి వెళ్లారు. ఉస్తాద్ ట్రంకునూ అక్కడికే జరిపించుకుని దాని మీదే కూర్చున్నాడు.

మొదటి దెబ్బ, పెట్టె కాంటాక్టులు కలిసి ఉండగా కొట్టారు. కాళ్ల కింద నేల అదిరింది. దూది తెల్లగానే ఉంది. తలుపు ఊడలేదు.

రెండోది కష్టమైన దెబ్బ. అవతల షార్ట్ సర్క్యూట్ ముందే సిద్ధంగా ఉంటుంది, పెట్టె వెళ్లి దాని మీద మూసుకోవాలి. వకుళ ఉస్తాద్ చొక్కా చెయ్యి పట్టుకుంది. మళ్లీ పెద్ద చప్పుడు. దూది తెల్లగానే ఉంది.

ఇక మిగిలింది ఒక్కటే. పెట్టె తనంతట తాను జనరేటర్ వైపు మారాలి. మీట నొక్కారు. లోపల మోటారు మూలిగింది, కాంటాక్టులు కదల్లేదు. మళ్లీ నొక్కారు. ఊహూ. నడిమి కాంటాక్టు కరిగి అతుక్కుపోయింది. అధికారి కాగితం మీద ఒక్క మాట రాసి వెళ్లిపోయాడు.

ఉస్తాద్ ఇప్పుడు ట్రంకు మీది నుంచి లేచాడు. వకుళ పెట్టె విప్పింది. మొదట ఎల్లేశం తప్పు కోసమే వెతికింది, దాచడమెందుకు. బోల్టులన్నీ పట్టి చూసింది. ఒక్కటీ వదులు లేదు. వైర్లు చక్కగా వేశాడు. అతుక్కున్న కాంటాక్టును ఉలితో ఊడదీసి, వెనకాల స్ప్రింగు తీసి కాటాకు తగిలించింది. బలం తక్కువుంది, అందుకే కాంటాక్టును గట్టిగా అదమలేకపోయింది. తక్కువున్నా, తాను డిజైన్ బొమ్మలో రాసిన హద్దుకు లోపలే ఉంది. అంటే తన హద్దే తప్పు. పైగా వందలో మేలైనవన్నీ తాను ఏరుకున్నాక, ఇలాంటివి కాక ఎల్లేశం చేతికి ఇంకేం వస్తాయి?

ఆమె అక్కడే నేల మీద కూర్చుంది. మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఉస్తాద్ పెట్టెను పట్టుకుని మెల్లగా ఒంగి, ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"గిట్లయితదని మీకు ముందే తెలుసా?" అని అడిగింది చివరికి.

"తెల్వదు. తెలిస్తే ఇంత దూరం ఎందుకొస్తం?"

ఫోను మోగింది. దామోదర్ సార్. ఉస్తాద్ తీసి ఆమె చేతికిచ్చాడు.

"సార్, ఫెయిలైంది" అంది వకుళ. "స్ప్రింగుల కాడ తప్పున్నది. ఎల్లేశంది కాదు, నాది."

"నువ్వు కట్టిందే పట్టుకపోయిన్రు గద?"

"లేదు సార్. వరుసల ఉన్నది తెచ్చినం."

"ఎందుకు? నీది తెస్తే పాసయ్యేదా?"

"అయ్యేది సార్."

"మరి?"

"నాదానికిచ్చిన కాగితం చూపెట్టి ఇసొంటి ఆరు పెట్టెలు ఆసుపత్రికి పంపెటోళ్లం సార్."

పోయింది, ఇక పాత డిజైనే అనుకుంది వకుళ.

"ఉస్తాద్‌కియ్యి" అన్నాడు సార్.

ఉస్తాద్ ఫోను చెవికి ఆనించుకున్నాడు. "పరీక్ష మంచిగైంది సార్. పెట్టె ఓడింది" అన్నాడు. తర్వాత వింటూ కూర్చున్నాడు. నవ్వాడు. ఫోను పక్కకు పట్టుకుని వకుళ వైపు తిరిగాడు.

"ఇంకోసారి పంపిస్తడంట. తారీఖు ఎప్పటికి అడగాల్నో నిన్నే చెప్పుమంటుండు."

వకుళ మొహం తుడుచుకుంది. "ఈసారి ఏది తేవాలె ఉస్తాద్?"

"షెడ్డుల కండ్లు మూసుకొని నడువు బిడ్డా. ఏ పెట్టె మీద చెయ్యి పడ్డా నీకు భయం గావద్దు. ఆ దినం నాకు జెప్పు, తారీఖు అడుగుదాం."