కుంటిజింక

నమ్మనివాళ్ళు ఇప్పుడే చెప్పులేసుకుని లేచిపోవచ్చు. తీరా సగం విన్నాక "ఏమిటీ కోతలు?" అంటే మాత్రం ఊరుకునేది లేదు.

ధర్మవరం వైపు వన్నూరప్ప అని ఒక తోలుబొమ్మల పనివాడుండేవాడు. వాడి చేతికి ఉలి అందిందంటే మేకతోలు ప్రాణం తెచ్చుకుని 'మే' అనేది. ఆవగింజ మీద ఏనుగును చెక్కి, ఆ ఏనుగు తొండంలో ఇంకో ఆవగింజ పెట్టినవాడు. ఒకసారి వాడు పులిబొమ్మను ఎండకు ఆరేస్తే, ఊళ్ళో కుక్కలన్నీ మూడు రోజులు పొరుగూళ్ళో తలదాచుకున్నాయి.

అంతటి మొనగాడు ముప్పై రోజులుగా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి. ఉలి పట్టి, మళ్ళీ పెట్టేసేవాడు. చాప మీద కూర్చుంటే ముల్లు గుచ్చుకున్నట్టు లేచేవాడు. కారణం పదేళ్ళ కూతురు, సుంకులమ్మ.

ఆ పిల్ల మొట్టమొదటిసారి తనంతట తాను ఒక బొమ్మ చేసింది. నెమలి. మెడ కాస్త వంకర. కన్ను మరీ చిన్నది, నువ్వుగింజంత. వాళ్ళ ఇళ్ళలో ఒక పద్ధతుంది: బొమ్మకు కంటి చిల్లు అన్నిటికన్నా చివర కొడతారు, ఎవరు చేసిన బొమ్మకు వాళ్ళే కొడతారు. సుంకులమ్మ ఆ చిల్లు కొట్టి, నాయనకు చూపించి, నీళ్ళకు పోయింది. బిందెతో తిరిగొచ్చేసరికి వన్నూరప్ప ఆ కన్నును బాగుచేసి పెట్టాడు. గుండ్రంగా, పెద్దగా, నిజం నెమళ్ళు కూడా కుళ్ళుకునేంత అందంగా.

తోలుకు పడిన చిల్లు మళ్ళీ పూడదు.

పిల్ల ఏడవలేదు. నెమలిని గోడకు తగిలించి, దాని ముఖం గోడవైపు తిప్పింది. ఆ రోజు నుంచి నాయన పక్కన చాప మీద కూర్చోలేదు. పిలిస్తే వచ్చేది, చెప్పిన పని చేసేది. 'నాయనా' అన్న మాట మాత్రం నోటి నుంచి రాలేదు.

"బాగుచేసినాను గదే! చెడగొట్టినానా?" అని పెళ్ళాం ఓబుళమ్మను రోజుకు పదిసార్లు అడిగేవాడు.

"నన్నడిగితే ఏం లాభం? నేను నెమలినా?" అనేది ఆమె.

ముప్పై ఒకటో రోజు తెల్లవారగానే గురువు కుళ్ళాయప్ప ఊరికి బయల్దేరాడు. మూడు కోసుల దారి. వాడెంత వేగంగా నడిచాడంటే, వాడి నీడ వెనకబడిపోయి, వాడు చేరిన గడియకు గాని రాలేదు.

కుళ్ళాయప్పకు ఎనభై దాటాయి. ఆయన తెర వెనక నిలబడి వానపాట ఎత్తుకుంటే ముందు వరుసలోవాళ్ళు తడిసి ముద్దయ్యేవాళ్ళు. వన్నూరప్పకు ఎనిమిదో ఏట ఉలి పట్టించింది ఆయనే. పదిహేనో ఏట శిష్యుడు సొంత పని పెట్టుకుని పోయాడు. మళ్ళీ గురువు ఆట చూసే తీరిక వాడికి దొరకలేదు.

వన్నూరప్ప జరిగిందంతా చెప్పుకున్నాడు. "సామీ, మీరొచ్చి ఒక్క మాట చెప్పల్ల. మీ మాటైతే వింటాది. నా తర్వాత ఈ పని ఎత్తుకునేది అదొక్కటే. అది చాప మీదికి రాకుంటే, మా ఇంట్లో ఉలి నాతోనే సరి."

"కూర్చోరా."

"కూర్చోలేను సామీ. నెల దినాలైంది కూర్చొని."

"అయితే నిలబడే చూడు."

గురువు బొమ్మల పెట్టె తెరిచాడు. అన్నిటికన్నా పైనున్న బొమ్మను తీసి ఎండకు ఎత్తి పట్టాడు. జింక. చాలా పాతది, రంగు వెలిసింది.

"ఎట్లుంది?"

వన్నూరప్ప తన బాధంతా మరిచిపోయాడు. ఎదుటివాడి తప్పు కనబడితే వాడికి పండగ.

"ఎవరు సామీ దీన్ని చేసింది? ముందరికాలు ఒకటి పొట్టి. ఈ చెవులు జింకవా, గాడిదవా? నడుం దగ్గర ఉలి జారింది. కన్ను చూడండి, నొసట్లోకి పోయింది! చేసినోని చేతులు విరగ్గొట్టల్ల."

"విరగ్గొడదాంలే. ముందు దీన్ని బాగుచెయ్యి" అని ఆయన ఉలీ సుత్తీ అందించాడు.

నెల రోజుల్లో మొదటిసారి వన్నూరప్ప కుదురుగా కూర్చున్నాడు. జింకను పలక మీద పరిచాడు. కంటి మీద ఉలి ఆనించాడు. సుత్తి ఎత్తాడు. బొమ్మ కదులుతోందని మోకాలితో అదమబోయి, కిందికి చూశాడు.

పొట్టికాలి గిట్ట దగ్గర మూడు చిన్న చిల్లులు. పొయ్యిరాళ్ళు పేర్చినట్టు.

వన్నూరప్ప చేసే ప్రతి బొమ్మకూ పాదం దగ్గర ఆ మూడు చిల్లులుంటాయి. చిన్నప్పటి నుంచి వాడి గుర్తు అదే. ఇంకెవరూ పెట్టరు.

సుత్తి గాలిలోనే ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందంటే, ఒక పిచ్చుక వచ్చి దాని మీద వాలి, రెక్కలు సర్దుకుని, తీరిగ్గా లేచిపోయింది.

"ఇది... నా ఎనిమిదో ఏట..."

"ఊఁ."

"పారేసినారనుకుంటినే సామీ."

"నువ్వు పోయినప్పట్నుంచి, ముప్పై ఏండ్లుగా ఆడిస్తాండా" అన్నాడు గురువు. "ఇది కుంటుకుంటా తెర మీదికొస్తే పిల్లోళ్ళు లేచి నిలబడతారు. కుంటిజింక ఏదని అడగని ఊరు లేదు. దీని కన్ను బాలేదన్నోడివి నువ్వొక్కడివే."

వన్నూరప్ప ఉలిని నేల మీద పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు.

గురువును ఇంటికి రమ్మని మళ్ళీ అడగలేదు. "దీన్ని ఒక్క దినం ఇస్తారా సామీ?" అన్నాడు.

"ఎల్లుండి ఆట ఉంది. రేపు తెచ్చియ్యి."

పొద్దు వాలకముందే ఇల్లు చేరాడు. జింకను చాప మీద పెట్టి, పక్కన కూర్చున్నాడు. ఎవరినీ పిలవలేదు. పిలుపు గొంతుదాకా వచ్చినప్పుడల్లా మింగాడు. అది మాత్రం వాడు చేసిన పనులన్నిటికన్నా గొప్పది, ఆవగింజ మీద ఏనుగుతో సహా.

సుంకులమ్మ గడప దగ్గర నిలబడి చూసింది. ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు.

"కాలు పొట్టిగా ఉంది" అంది, గోడతో చెప్పినట్టు.

"ఊఁ."

"కన్ను నొసట్లో ఉంది. ఎవరు చేసింది?"

"నేనే. నీకంటే చిన్నప్పుడు."

పిల్ల వచ్చి చాప మీద కూర్చుంది. జింకను అటూ ఇటూ తిప్పింది. పొట్టికాలిని వేలితో ఆడించింది. ఆ తర్వాత మెల్లగా ఉలి అందుకుని, నాయన ముఖంలోకి చూసింది.

"బాగుచేసేదా, నాయనా?"

వన్నూరప్ప గబుక్కున రెండు చేతులూ జింక మీద అడ్డం పెట్టాడు.

ఇంకా నమ్మకం కుదరలేదా? సాక్షి ఉంది. అదే ఇంట్లో, అదే చాప మీద, కొత్త నెమలికి తోక కోస్తోంది. మధ్యలో పలకరించకండి. కన్ను కొట్టేదాకా ఆగి, అప్పుడు అడగండి. పేరు సుంకులమ్మ.