సుంకులక్క కట్టిన గడ్డి

మన తాతలకు తాతలు ఇంకా ఉయ్యాల్లో కూడా పడని కాలం. ఎర్రమట్టి మిట్ట మీద ఒక ఊరు, ఆ ఊరికి ఒకే ఒక ఖర్జూరపు తోట ఉండేదట. వాన పడని ఏడు ఆ పళ్ళే తిండి.

తోటలో ఎండుమట్టలు కోసి, నేల ఊడ్చే మనిషి సుంకులక్క. మొగుడు లేడు, పిల్లలు లేరు. చెట్టు కింద గడ్డిపోచ ఉంటే అపచారమని ఊరి నమ్మకం. అందుకని రోజూ పీకేది, ఊడ్చేది, కాల్చేది.

ఒక ఏడు కాయ పసుపు తిరిగే వేళకు గెలలకు ఏదో అల్లుకుంది. బూజు కాదు, సాలెగూడు కాదు, శవం మీద గుడ్డలాంటి బూడిదరంగు ముసుగు. దాని లోపల కాయలు గరుకుబారి, పగిలి, రాలిపోయాయి. రెండో ఏడూ అంతే. పొగ వేశారు, బూడిద చల్లారు, మేకను కోశారు. ముసుగు కదల్లేదు. మూడో ఏడు మళ్ళీ ముసుగు పడగానే తోట పెద్ద గిడ్డయ్య గొడ్డళ్ళు నూరమన్నాడు.

ఒక్క చెట్టుకే ముసుగు లేదు. అది శ్మశానంలో ఉంది. అక్కడ ఎవరూ గడ్డి పీకరు. చచ్చినవాళ్ళు దాన్ని సాకుతున్నారని ఎవరూ దాని పండు ముట్టరు.

సుంకులక్క మిట్టమధ్యాహ్నం అక్కడికి వెళ్ళింది. గాలి లేదు, పిట్ట లేదు, నీడ కూడా కాళ్ళ కిందికి దూరింది. నల్లకొంగు పరిచి దాని మీద గడ్డి దులిపింది. గసగసాల కంటే చిన్న చుక్కలు పరుగెత్తాయి. తోట గెల ముసుగు తెచ్చి పక్కనే దులిపింది. అందులోంచీ చుక్కలే రాలాయి. గడ్డి చుక్క ముసుగు చుక్కను పట్టింది. పట్టింది ఉబ్బింది, పట్టుబడింది తొక్కై మిగిలింది.

నల్లులు. మంచాల్లోవి కాదు, కాయల రసం పీల్చేవి. ఆ నల్లులను తినే నల్లులు. ఇన్నేళ్ళూ గడ్డితో పాటు వీటినే కాల్చానని ఆమెకు అప్పుడు తెలిసింది.

మోపెడు గడ్డి కోసుకుని వస్తుంటే గిడ్డయ్య అడ్డం నిలబడ్డాడు.

"సమాధుల గడ్డి తోటకు తెస్తావా అక్కా? రేపు చచ్చినోళ్ళు వచ్చి పళ్ళల్లో భాగం అడుగుతారు."

"ఇస్తాంలే నాయనా. ఇప్పుడు బతికినోళ్ళకే లేవు కదా. మూడు చెట్లు నాకు వదులు."

"కాయ నిలవకపోతే?"

"చెట్లు కొట్టిన రోజే నన్నూ ఊరు దాటించు."

మూడు చెట్లెక్కి గెలగెలకూ గడ్డి కట్టింది. మొదటి వారం ఏమీ కాలేదు. రెండో వారం ఎండ పూట ఆ గెలల్లోంచి నువ్వులు వేగుతున్నట్టు సన్నటి చప్పుడు. ఆడవాళ్ళు ఆ వరుసకు పోవడం మానేశారు. మూడో వారం ముసుగు పేలికలై వేలాడింది. లోపల కాయ నున్నగా, పచ్చగా మెరిసింది.

గిడ్డయ్య ఆ మాట చెప్పడానికి పరుగెత్తాడు. సుంకులక్క మూడో చెట్టుకు ఆనుకుని కూర్చుంది, ఒడిలో గడ్డి. పిలిస్తే పలకలేదు. ఒళ్ళు అప్పటికే చల్లబడింది. ఆమె చేతుల మీద మోచేతుల దాకా చుక్కలు. ఒక్కటీ కుట్టలేదు. ఆమె వేళ్ళ మీదుగా వరుసకట్టి చెట్టెక్కుతున్నాయి.

గొడ్డళ్ళు అటకెక్కాయి.

ఇప్పటికీ అక్కడ ఖర్జూరం కింద నేలను పూర్తిగా ఊడ్వరు. కాయ రంగు తిరిగే ముందు ఒకరు ఆమె సమాధి దగ్గరికి వెళ్ళి, "అక్కా, నీవాళ్ళను పంపు" అని మూడు పిడికిళ్ళ గడ్డి కోస్తారు. తోట చేరేలోగా ఆ చేయి మోచేతి దాకా జిలజిలమంటుందట. దులుపుకోకూడదు.