మంచిమాట మోసిన తాటాకు

మన తాతలకు తాతలు పిల్లలుగా ఉన్న రోజుల్లో, ఏటి ఒడ్డున ముసురుపురమని ఒక ఊరు ఉండేదట.

ఆ ఊళ్లో మంచిమాట ఎవరూ రాసి పంపేవారు కాదు. తాటాకు వచ్చిందంటే చావు కబురో, తగవో, రాజుగారి ఆగ్రహమో! అందుకని ఆకు కనబడగానే ముందు నెత్తిన కడివెడు నీళ్లు గుమ్మరించుకునేవారు. ఆ తరువాతే తెచ్చినవాడి చేత చదివించుకునేవారు.

ఆ ఆకులన్నీ రాసే లేఖకుడు తిప్పన. ఊరందరి ఏడుపులూ రాసి రాసి, చివరకు తన ఇంటి చావు కబురు తానే రాసుకోవలసి వచ్చింది. భార్య కామసాని జ్వరంతో పోయింది. ఆనాటి నుంచి అతడు గంటం పట్టలేదు, కడుపునిండా తినలేదు. "ఇక నేనుండి ఎవరికి?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇలాగైతే ఈయనా దక్కడని ఊరివారు చెవులు కొరుక్కున్నారు.

పోయేముందు కామసాని ఒక్కటే అడిగింది. "మనకు ముగ్గురు సాయం చేశారు. వాళ్లతో ఒక మంచిమాట చెప్పండి." నోటితో చెబుదామంటే తిప్పనకు గడప దాటబుద్ధి కాలేదు. చివరకు లేచి గంటం పట్టాడు.

మొదటి ఆకు, జావ కాచి తెచ్చిన కుమ్మరి సూరమ్మకు వెళ్లింది. సైన్యంలో ఉన్న కొడుకు పోయాడనుకుని ఆమె గొల్లుమంది, నీళ్లు పోసుకుంది. చదివించుకున్నాక తడిచీరతోనే పరుగెత్తుకొచ్చింది.

"నా గుండె ఆగినంత పనైంది కదయ్యా! అయినా, ఆ తల్లి నా జావ తాగి ఏమందో తెలుసా? 'మా ఆయన వంటకంటే నయమే సూరమ్మా' అని నవ్వింది!"

తిప్పన నవ్వబోయి ఏడ్చాడు. భార్య మాట ఒకటి కొత్తగా దొరికింది. ఆ పూట కాస్త అన్నం తిన్నాడు.

రెండో ఆకు, వరదలో వైద్యుణ్ణి దాటించిన పడవవాడు ఓబయ్యకు. అతడూ ఏట్లో ఒక మునక వేశాకే ఆకు చదివించుకున్నాడు. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ఒడ్డు చేరాక వెనక్కి తిరిగి చూసినవారు మీరొక్కరే సామీ," అన్నాడు. పొద్దుగూకేదాకా తోడుండి, తిప్పనకు తినిపించి మరీ వెళ్లాడు.

మూడో ఆకు వైద్యుడు అచ్చనకు రాయాలి. అక్కడే తిప్పన చెయ్యి ఆగింది. 'బతికించలేకపోయాడుగా!' అని లోలోపల కినుక. రేపు, ఎల్లుండి అని దాటవేశాడు. మనసు మెత్తబడ్డాక రాసి, తానే పట్టుకుని వెళ్లాడు.

అచ్చన ఇంటి ముందు అందరూ తడితలలతో నిలబడి ఉన్నారు. ఏ ఆకూ రాకముందే పోసుకున్న నీళ్లవి. వైద్యుడు తెల్లవారుజామున పోయాడు.

"నాన్న చివరిదాకా మీ ఇంటి మాటే అన్నారు," అంది కూతురు. "'ఆ ఇల్లాలిని కాపాడలేకపోయాను, తిప్పన నన్ను క్షమించడు' అని కుమిలిపోయారు."

తిప్పన ఆకు తీసి, శవం చెవి దగ్గర వంగి చదివాడు. "మీరు చేయగలిగినదంతా చేశారు. మీ మేలు మరువను." విన్నవాళ్లందరూ ఏడ్చారు. వినవలసినవాడు మాత్రం వినలేదు.

మరునాడు తిప్పన మళ్లీ తన పీట మీద కూర్చున్నాడు. ఎవరు తగవుతో వచ్చినా, "నీకు మేలు చేసినవాళ్లెవరైనా ఉన్నారా? ముందు వాళ్లకు రాద్దాం. ఇవాళే," అనేవాడు. అలా రాసిన ప్రతిసారీ అతడి దుఃఖం కొంచెం తేలికయ్యేది. ఆ మూడో ఆకు బరువు మాత్రం ఎన్నడూ తగ్గలేదు.

పొందిన మేలును రాసి తెలిపితే మొదట ఊరట పొందేది రాసినవాడే. ఆలస్యం చేస్తే మిగిలేది పశ్చాత్తాపమే.