గోడ కింద పీట

ముసురు పట్టి వదలడం లేదు. కొండవాలున కోటగోడ బయటికి ఒరుగుతుంటే, రాతిపనివాళ్ల పెద్ద సుంకులమ్మ ఇనుప కడ్డీలను గోడలోంచి వెనకున్న కొండ కడుపులోకి దింపి బిగించింది. పైకి కనబడకుండా రాళ్లు పేర్చింది.

దివాను కొరడా పట్టిన భటుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, నిలకడ లేకుండా గోడ వెంట అటూ ఇటూ తిరిగాడు.

"కడ్డీలేవీ? ఇనుమంతా అమ్ముకు తిన్నావు. అసలు ఒక్కటి కూడా వెయ్యలేదు. ఉంటే పీకి చూపించు, లేకపోతే కొరడా దెబ్బలు తప్పవు."

"అలాగే పీకుతాం దొరా. తమరు ఈ గోడ కిందే పీట వేసుకుని కూర్చుని చూడండి."

దివాను తలెత్తి గోడను చూసి వెనక్కి జరిగాడు. "మీద పడితే?"

"లేని కడ్డీలు పీకితే గోడెందుకు పడుతుంది దొరా?"

కొరడా పట్టుకున్న భటుడు అప్పటికే గోడకు ఆమడ దూరంలో ఉన్నాడు.