దొర గుమ్మంలో దేవుడి స్తంభం

పదో నెల పౌర్ణమి మర్నాడు, జాము పొద్దెక్కిన వేళ ఏటి మీదుగా ఒక గాలి వీచింది. ఆ గాలికి సొరాగ దొరగారి టోపీ ఎగిరి వెళ్లి పందుల దొడ్లో పడింది.

సొరాగ అనేది కొరియా దేశానికి దక్షిణపు కొసన ఒకానొక బుల్లి రాజ్యం. ఇది పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి మాట. రాజ్యమని పేరే గానీ, ఈ కొసన పొయ్యి రాజేస్తే ఆ కొసన వాళ్లు దగ్గేవారు. దాన్ని ఏలే మురోక్ దొరకు ఉత్తరాన చీనా అధికారులు ఒక పట్టుటోపీ ఇచ్చి పంపారు. అడిగిన ప్రతి చిన్న దొరకూ వాళ్లు అలాంటిదొకటి ఇచ్చేవారు. ఆ సంగతి మురోక్‌కు ఎవరూ చెప్పలేదు. ఆయన దాన్ని పెట్టుకునే భోంచేసేవాడు.

టోపీ పందుల దొడ్లో పడ్డప్పుడు అందరూ నేల చూపులు చూశారు. దోల్సే అనే కమ్మరి మాత్రం నవ్వాడు. నవ్వు ఆపుకోలేని మనిషి, పాపం.

"వాడి రెండు బొటనవేళ్లూ తీసేయండి" అన్నాడు దొర.

బొటనవేళ్లు లేని కమ్మరి సుత్తి ఎలా పడతాడు? దోల్సే పరుగెత్తి దేవుడి తోపులో దూరాడు.

ఆ దేశాల్లో ఒక ఆచారం ఉండేది. ప్రతి రాజ్యంలోనూ కొంత చోటు దేవుడికి విడిచిపెట్టి, అక్కడొక పొడుగాటి స్తంభం పాతి, దానికి గంటలూ డోలూ కట్టేవారు. ఆ హద్దులోకి వెళ్లిన వాడు దొంగ అయినా సరే, ఎవరూ చెయ్యి వేయకూడదు. అక్కడ దొర మాట చెల్లదు, పూజారి మాటే. దేవుడి నీడ అంటే అంత నమ్మకం వాళ్లకు.

దొర తోపు చుట్టూ మనుషుల్ని కాపలా పెట్టాడు. దోల్సే బయటికి రాలేడు, వాళ్లు లోపలికి పోలేరు. కొలిమి చల్లారింది. ఆరు నెలల కడుపుతో ఉన్న దోల్సే భార్య రోజూ హద్దు దగ్గర జొన్నగంజి పెట్టి వచ్చేది. చలి ముదురుతోంది.

దొరకు కోపం కమ్మరి మీద కన్నా ఆ స్తంభం మీద ఎక్కువైంది. తన దగ్గర సలహాలు చెప్పే నాల్చిని పిలిచాడు. నాల్చి దోల్సేకు వేలు విడిచిన మేనమామ అవుతాడు గానీ, ఆ మాట దొర ముందు ఎత్తలేదు.

"ఏమయ్యా నాల్చీ, నా రాజ్యంలో నా ఇంటి కన్నా గొప్ప చోటు ఇంకొకటి ఉండొచ్చా?"

"తమ ఇంటికి స్తంభం లేదు గదా దొరా, అందుకని జనం అలా అనుకుంటారేమో."

"అయితే నా గుమ్మంలో అంత కన్నా పొడుగాటిది పాతించు. గంటలు కట్టించు. డోలు కూడా."

"పాతిస్తాను. పూజ లేకపోతే మాత్రం అది గంటలు కట్టిన దుంగే. పొరుగు దొరలు చూసి ఏమంటారో."

"పూజారిని పిలిపించు మరి. ఇది కూడా నేనే చెప్పాలా?"

పూజారి వచ్చాడు. ముసలాయన, దైవం విషయంలో ఎకసెక్కాలు పడని మనిషి. "దొరా, బాగా ఆలోచించుకున్నావా? ఇది దేవుడి చోటు కావాలా? అన్ని మర్యాదలతోనా?" అని అందరి ముందూ అడిగాడు.

"అన్ని మర్యాదలతో. ఆ తోపు కన్నా ఒక్కటి తగ్గినా ఒప్పుకోను" అన్నాడు దొర.

కొండ మీద అంత పొడుగాటి దేవదారు దొరికింది. దాన్ని లాగి నిలబెట్టడానికి ఊళ్లో మగవాళ్లు చాల్లేదు.

"తోపు దగ్గర కాపలా నిలబడి చలి కాగుతున్నవాళ్లు ఉన్నారు గదా దొరా" అన్నాడు నాల్చి.

"వాళ్లనీ పిలువు" అన్నాడు దొర.

సాయంత్రానికి స్తంభం లేచింది, గంటలు మోగాయి, పూజారి మంత్రాలు ముగించాడు. దొర తృప్తిగా ఇంట్లోకి వెళ్లేసరికి కాపలా లేని తోపులోంచి జారుకున్న దోల్సే పొయ్యి పక్కన కూచుని కాళ్లు కాచుకుంటున్నాడు. వాడి పక్కన పొరుగు రాజ్యం నుంచి పారిపోయి వచ్చిన మేకల దొంగ ఒకడు. ఆ పక్కన అత్తతో పోట్లాడి వచ్చిన ఒక కోడలు.

"పట్టుకోండి వాణ్ణి."

వెనకే వచ్చిన మనుషుల్లో ఒక్కరూ కదల్లేదు. ఒకడు మెల్లగా పూజారి వైపు చూశాడు. పూజారి తల అడ్డంగా ఊపాడు.

"దొరా, ఇది దేవుడి చోటు. తమరే అడిగి చేయించుకున్నారు" అన్నాడు నాల్చి.

"నా ఇంట్లో నా మాట చెల్లదా?"

"ఏ మర్యాదా తగ్గకూడదన్నారు గదా."

దొర భార్య వంటింట్లోంచి తొంగి చూసింది. "అయితే ఈ పూట ఎంతమందికి వండాలో పూజారిగారిని అడగాలన్నమాట. మిమ్మల్ని అడిగి లాభం లేదు."

"నాల్చీ, నీ వీపు పగలగొట్టిస్తాను."

"నన్ను బయటికి పిలిచి కొట్టించాలి దొరా. నేను రాను. ఇక్కడ వెచ్చగా ఉంది."

మేకల దొంగ పక్కకు జరిగి నాల్చికి చోటిచ్చాడు.

"ఈ స్తంభం తీసేయాలంటే ఏం చేయాలి?" అని దొర పూజారిని అడిగాడు.

"శరణు వచ్చినవాళ్లు భయం లేకుండా తమంతట తాము వెళ్లాలి. అప్పుడు దించుకోవచ్చు."

"సరే. దోల్సేను క్షమించాను. వెళ్లమనండి."

దోల్సే లేవబోయాడు. నాల్చి వాడి భుజం మీద చెయ్యి వేసి కూచోబెట్టాడు.

"ఇక్కడ తమ మాట చెల్లదు గదా దొరా. క్షమించాననే మాట కూడా అంతే. హద్దు దాటి చెబితే గానీ అది మాట కాదు."

దొర పళ్లు నూరుతూ తన ఇంట్లోంచి తానే బయటికి నడిచాడు. గుమ్మం దాటి, స్తంభం దాటి, చలిగాలిలో వీధి మధ్య నిలబడ్డాడు. ఊరంతా అక్కడే ఉంది. "దోల్సే బొటనవేళ్ల జోలికి నేను గానీ, నా మనుషులు గానీ పోము" అని గట్టిగా చెప్పాడు. చెప్పి, అలవాటు కొద్దీ ఇంటివైపు తిరిగాడు. లోపల మేకల దొంగ ఆయన ఆసనం మీద సర్దుకుని కూచోవడం కనిపించింది.

అప్పుడు మురోక్ దొరకు నవ్వొచ్చింది. మొదట ముక్కులోంచి వచ్చింది, తర్వాత పొట్ట పట్టుకున్నాడు. అది చూసి ఊరు కూడా ధైర్యం చేసి నవ్వింది. ఈసారి ఎవరి వేళ్లకూ ముప్పు రాలేదు.

"నాల్చీ, నీకొక ఎద్దును ఇస్తున్నాను. బయటే నిలబడి చెబుతున్నా, విన్నావా?" అన్నాడు దొర.

మర్నాడు పొద్దున్నే దొర ఇంటివాళ్లు అందరికీ జావ పోశారు. కోడల్ని తీసుకుపోవడానికి అత్తే వచ్చింది. మేకల దొంగ కొలిమిలో తిత్తులు ఊదుతానని దోల్సే వెంట నడిచాడు. ఇల్లు ఖాళీ అయ్యాక పూజారి దణ్ణం పెట్టి సరేనంటే, స్తంభాన్ని దించి ఏటి ఒడ్డున పడుకోబెట్టారు. అవతల కొలిమి దగ్గర దోల్సే భార్య నిప్పు రాజేసింది. దోల్సే చేతుల్లో ఉమ్మేసుకుని సుత్తి ఎత్తాడు.