ఉరుముకి లేవని కోడి

మా గురువుగారితో వచ్చిన చిక్కల్లా ఒకటే. అడిగినదానికి జవాబు చెప్పరు. తవిటయ్యగారు బొబ్బిలి దగ్గర మా ఊళ్ళో దర్జీ, మా నలుగురైదుగురికీ అచలం, అంటే కదలని తత్త్వం, బోధించే గురువు. వీధి అరుగు మీద ఆయన కుట్టుమిషను, దాని ఎదురుగా మేము. ఎంత పెద్ద సందేహం పట్టుకొచ్చినా చేతిలో ఉన్న కుట్టు చివరికంటా పోయేదాకా ఆయన కాలు ఆగదు. ఆగాక కూడా తిరిగి మనల్నే ఏదో ఒకటి అడుగుతారు. ముప్ఫయ్యేళ్ళు హెడ్మాస్టరుగా పిల్లల చేత జవాబులు చెప్పించినవాణ్ణి, నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు మా తోటి శిష్యురాలు పైడితల్లి చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చింది. ఏభై దాటిన మనిషి. వాళ్ళింట్లో తరాలుగా చిలకముక్కు కోళ్ళుండేవి. కిందికి ఒంగిన పొట్టి ముక్కు, నేలకి జీరాడే తోక. ఇప్పుడు మా చుట్టుపక్కల ఆ జాతే లేదు. అత్తగారు పోతూ పోతూ నగా నట్రా ఊసెత్తకుండా ఆ కోళ్ళని చూపించి, "ఈటిని పోనీకే" అని కోడలి చెయ్యి పట్టుకుందట. నిరుడు కొక్కెర తెగులొచ్చి వారం తిరక్కుండా గూడంతా ఖాళీ అయింది. పైడితల్లి ఆ గూటికి రెండుసార్లు సున్నం కొట్టింది గాని మరో జాతి కోడిని అందులో పెట్టలేదు.

పార్వతీపురం అవతల భూషణం అనే ఆయన దగ్గర ఆ జాతి పుంజొకటి, పెట్టలు రెండు మిగిలాయని విని ఈమధ్యే వెళ్ళింది. గుడ్లు కావాలంటే ఇప్పుడే పట్టుకెళ్ళు, పిల్లలు కావాలంటే పొదిగే మిషనులో పెట్టినవి లేచేదాకా ఆగు అన్నాడాయన. ఏడాది ఆగిన మనిషి ఇంకో పన్నెండు రోజులు ఆగలేకపోయింది. పదకొండు గుడ్లు ఊకబుట్టలో సర్దుకుని, బుట్ట ఒళ్ళో పెట్టుకుని, బస్సు గతుకులన్నీ తన మోకాళ్ళ మీద కాసుకుంటూ తెచ్చుకుంది. ఒకరోజు కదపకుండా ఉంచి, పొదుగు మీదున్న మామూలు నాటుపెట్టనొకదాన్ని అరువు తెచ్చి దాని కింద వేసింది.

ఆవిడ పరుగెత్తుకొచ్చిన రోజుకి పదకొండు రోజులయ్యాయి. ఆ మధ్యాహ్నం ఇళ్ళు అదిరిపోయేలా ఉరిమింది. మా వైపు కోడిని పొదగేస్తే బుట్టలో ఇనపముక్క పెట్టి తీరాలి. లేకపోతే ఉరుముకి గుడ్లు మురిగిపోతాయంటారు. పైడితల్లి ఎప్పుడూ కొడవలి పెట్టేది. ఈసారి ఆ కొడవలిని నువ్వుచేను కోతకి పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళారు. వేరే ఇనుము పెట్టాలన్న ధ్యాసే ఆవిడకి లేకపోయింది.

ఉరుము ఆగేసరికి భూషణం ఫోను. మిషనులో అయిదు పిల్లలు లేచాయి, పుంజు పాము కాటుకి పోయింది, ఇక ఇవే ఆఖరు, రేపు సంతలో తీసుకుంటానని వేరే ఆయన అడుగుతున్నాడు, సాయంత్రంలోగా నీ మాట చెప్పు అని. చెప్పి ఊరుకోకుండా ఆ పిల్లల వీడియో కూడా పంపాడు.

పైడితల్లి ఆ ఫోను గురువుగారి మొహం దగ్గర పెట్టింది. పిల్లలు కియ్ కియ్ మని ఒకటే అరుపు.

"ఇయ్యి బతికున్నాయి, కంటికి అగుపిస్తున్నాయి. అయ్యి గుడ్లు, ఉలుకూ లేదు పలుకూ లేదు, ఉరుముకి మురిగిపోనాయో ఏటో! ఇంట్లో పెట్ట ఒక్కటే. పిల్లల్ని చేరిస్తే అది గుడ్లొదిలీసి ఈటెంట పోతాది. గుడ్లుంచనా, పిల్లల్ని తెచ్చుకోనా? ఏటి సెయ్యమంటారు గురువుగారూ?"

"పిల్లల్ని బల్బు కింద పెంచుకోరాదూ?" అన్నాను నేను, జవాబు చెప్పేవాడు ఒక్కడైనా ఉండాలని. వాళ్ళ వీధిలో కరెంటు ఉండే గంటల కంటే లేని గంటలే ఎక్కువని ఆవిడ నన్ను కసిరింది.

గురువుగారి కుట్టు చివరికి వచ్చింది. కాలు ఆగింది.

"ఉరిమినప్పుడు కోడి ఏం చేసిందమ్మా?"

"ఏటి సేస్తాది? కూకుంది."

"దానికి వినబడలేదేమో."

"ఎందుకు ఇనబడదు? ఈకలన్నీ నిక్కపొడుచుకున్నాయి. రెక్కలు ఇంకాస్త ఇప్పి కూకుంది."

"దాని నెత్తిమీదే ఉరిమింది, అది లేవలేదు. నువ్వెందుకు లేచొచ్చావు?"

పైడితల్లికి కోపమొచ్చింది. నాకూ వచ్చింది. "అది కోడి గురువుగారూ! ఈ గుడ్లు పోతే మళ్ళీ పెట్టుకుంటాది. నాకైతే మా అత్తకిచ్చిన మాట పోతాది!" అని అరుగు మీద కూలబడి ఏడ్చింది. గురువుగారు ఓదార్చలేదు. సూదిలోకి దారం ఎక్కించుకుంటూ ఉండిపోయారు. చాలాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఆ వీడియో మరోసారి చివరిదాకా చూసింది. తరవాత భూషణానికి తనే ఫోను చేసి, "ఆయనకే ఇచ్చీయండి" అంది. ఇంటికెళ్ళి బుట్ట పక్కనే పీట వేసుకుంది.

పిల్లలు లేవాల్సిన ఇరవయ్యొకటో రోజు ఏమీ కాలేదు. ఇరవై రెండో రోజు పొద్దున్నే గురువుగారు నన్ను వెంటబెట్టుకుని వాళ్ళ పెరట్లోకి వెళ్ళారు. పెట్ట అలాగే ఉంది. పైడితల్లి కళ్ళు గుంటలు పడ్డాయి. గంట కూర్చున్నాం, రెండు గంటలు కూర్చున్నాం. నాకిక ఉండబట్టలేదు.

"ఇంకేం చూస్తాం! ఆ అయిదూ సంతలో పోయాయి, ఇవి ఇక్కడ పోయాయి. ఆ రోజు సూటిగా ఓ మాట చెప్పి ఉంటే ఈవిడకి ఈ గతి పట్టేదా?" అని లేచి కండువా దులుపుకున్నాను.

"కూర్చోండి మాస్టారూ. కోడి ఇంకా లేవలేదు" అన్నారు గురువుగారు.

కూర్చున్నాను, మొహం ముడుచుకునే. కాసేపటికి పెట్ట కిందనుంచి సన్నగా కియ్ మని వినిపించింది. పైడితల్లి బుట్ట మీదికి ఒంగింది. రెక్క సందులోంచి తడిసిన తల ఒకటి బయటికొచ్చింది. ముక్కు పొట్టిగా, కిందికి ఒంగి ఉంది.

"ఒలమ్మో, వచ్చీసినావా!" అంటూ ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. మధ్యాహ్నానికి నాలుగయ్యాయి. పదకొండుకి నాలుగేనా అని నేను లెక్కపెట్టుకుంటుంటే, ఆవిడ అప్పుడే భూషణానికి ఫోను చేసి, సంతలో ఆ అయిదూ తీసుకున్న ఆయనది ఏ ఊరో కనుక్కుంటోంది. రేపు ఈడుకొస్తే అటువాటికీ ఇటువాటికీ జోడీలు కావాలి కదా అని.

తిరిగొస్తూ దారిలో నేను ఊరుకోలేకపోయాను. "అయితే పిల్లల్ని కొనడం కంటే గుడ్లు కొనడమే మేలని మీ ఉపదేశం, అంతేనా?" అన్నాను.

గురువుగారు ఆగి, వింతగా చూశారు.

"గుడ్ల మాట నేనెప్పుడు ఎత్తాను మాస్టారూ? నేను చెప్పిందల్లా కోడి సంగతే."